దయ్యాన్ని కొట్టిన చెప్పు

సిద్దిపేట సాలోల్ల గల్లీ కొసకు పోశయ్య ఇల్లు. పొద్దు గుంకిందంటే గా ఇంటి ముంగట నుంచి కుక్క గూడ పోకపోతుండె. అవుతలి గల్లీకి పోవాలంటే ఎనక తుమ్మల నడుమ కెల్లి తొవ్వ ఉండె. కాళ్లల్ల ముండ్లు దిగినా సరే, జనం గటే పోతుండిరి.

ఎందుకంటే... పోశయ్య సచ్చిపోయి రెండేండ్లు దాటింది. తలుపుకు తాళం, ఇంట్ల పురుగు లేదు. అయినా రాత్రి గల్లీ అంత పండుకున్నంక లోపట మగ్గం ఆడుతుండె. టక్... టక్... టక్... నూలు మోసే నాడె అటు పోయిన సప్పుడు, నేత పలక గుద్దిన సప్పుడు. ఒక్కోపారి కిటికీ సందుల నుంచి ఎలుగు గూడ కనవడ్తుండెనట. దీపం పెడితే గోడ మీద పడే ఎలుగు గాదు — భూమిల నుంచి మీదికి లేశే ఎలుగు!

"బతికినన్ని దినాలు మగ్గం గుంటల కూసున్నడు, సచ్చినంక గూడ లేస్తలేడు," అని ఆడోళ్లు చెవులు కొరుక్కుంటుండిరి.

గట్ల బద్నామైన ఇల్లు ఎవడు కొంటడు? కొంటనని ఒకడు లేశిండు. వాని పేరు సిద్ధయ్య.

గవి జర్మన్ లడాయి నడుస్తున్న దినాలు. నూలు దొరుకుడే గగనం. సిద్ధయ్య గూడ సాలోడే, గల్లీకి కింది మొగాన ఒక అర్రల కిరాయికుంటుండె. సాలోడు మగ్గం ముంగట భూమిల గుంట తవ్వుకొని, అండ్ల కాళ్లు పెట్టి కూసొని నేస్తడు గదా. గా గుంట పొడిగుంటేనే ఇంట్ల బువ్వ ఉడుకుతది. సిద్ధయ్యది పల్లం జాగ. మిరుగు కార్తె తొలి చినుకు పడ్డదంటే గుంటల నీళ్లు ఊరుతుండె. గంజి పెట్టిన పడుగు నూలు బూజు పట్టి పోతుండె. మోకాలు లోతు నీళ్లల్ల కూసొని నేస్తే కాళ్లు పాసిపోయి పుండ్లయినయ్.

కాళ్లు పోతే పోనియ్. పోయిన వానకాలం గా తడి అర్రలనే వాని చంటిపిల్ల దగ్గి దగ్గి పానం ఇడిశింది. పెండ్లాం రాములవ్వకు మల్ల నెలలు నిండుతున్నయ్. "ఈ వానలకు గీ ఇంట్ల ఉంటే నేను ఈ పిల్లను గూడ మన్నుల పెడ్త," అని ఆమె ఒక్కటే మాట పట్టుకున్నది. మిరుగు దగ్గరికొచ్చింది. సిద్ధయ్యకు దయ్యం కన్న మొగులు మీద భయం ఎక్కువ.

పోశయ్య ఇల్లు అమ్మేటోడు వాని తమ్ముడు లక్ష్మీరాజం. పోశయ్యకు పిల్లల్లేరు. పెండ్లాం బాలవ్వను మరిది తన ఇంటెనక కొట్టంల పెట్టిండు. "వదినెకు రెండు పూటల గట్క పోస్తున్న," అని కనవడ్డోనికల్ల చెప్పుకుంటుండె. ఆమె పాపం గల్లీల అందరికి నూలు కండెలు చుట్టుకుంట దినాలు ఎల్లదీస్తుండె. సిద్ధయ్యకు గూడ ఆమెనే చుట్టేది. చిన్నప్పుడు పోశయ్య కాడ పని నేర్చుకునేటప్పుడు, గా బాలవ్వ చేతి బువ్వ తినే పెరిగిండు సిద్ధయ్య. పెద్దమ్మా అని పిలుస్తుండె.

ఇల్లు కొనేముందు చూపించుకోవాలె గదా. కులపెద్ద రాజమల్లయ్యను తోలుకపోయిన్రు. గాయన చేతికట్టెతోని దూలాలను కొట్టి చెవు పెట్టి ఇన్నడు. గోడను బొటనేలి గోరుతోని గీకి, మన్ను వాసన చూసిండు. దర్వాజలు ఊపి చూసిండు. ఇంటిని చూస్తున్నడా, పిల్లను చూడవోయిండా అన్నట్టు చూసిండనుకోరాదు!

"చెదలు లేవు. దూలాలు గట్టియి. మీద కొన్ని గూన పెంకులు మార్చుకోవాలె," అన్నడు. "మిగిలింది గుంట."

సిద్ధయ్య గుంటల దిగిండు. తొక్కుడు కర్రలు నున్నగ మెరుస్తున్నయ్. ఇల్లంత దుబ్బ పట్టింది గని వాటి మీద దుబ్బ లేదు. సిద్ధయ్య చూసిండు... చూసి, పోశయ్య ఎన్నేండ్లు తొక్కిన కర్రలో గదా అనుకొని ఊకున్నడు.

"గుంట కండ్లకు తెల్వది. రాత్రికి నూలు పెట్టాలె," అన్నడు రాజమల్లయ్య.

గది వాళ్ల ఆనవాయితి. గంజి పెట్టి ఆరవెట్టిన నూలు చిలప ఒకటి రాత్రంత గుంటల పెడ్తరు. పొద్దున తీసినంక కట్టె తీరు గట్టిగుంటే పొడి గుంట. మెత్తవడి వాలిందా, సాలోనికి గా ఇల్లు పనికిరాదు. కొనేటోడే ఒక్కడు గా ఇంట్ల పండుకొని నూలుకు కావలి ఉండాలె.

"సిద్ధయ్యా... రాత్రి పండుకుంటవా మరి?" అని లక్ష్మీరాజం జర నసుగుకుంట అడిగిండు.

"ఎందుకు పండుకోను? దయ్యం వస్తే రానియ్. రొండు కండెలు చుట్టిపిచ్చుకొని పంపిస్త!"

అందరు నవ్విన్రు. బాలవ్వ ఒక్కతే నవ్వలే. దర్వాజ కాడ గోడకానుకొని నిలవడ్డది.

"ఏం పెద్దమ్మా, గుంట మంచిదేనా?"

"మంచిదే బిడ్డా," అన్నదామె, తల ఎత్తకుండ. "నూలు గట్టిగుంటే... కొంటవా?"

"రేపే మాట ఖాయం."

ఆమె గోడ ఇడిశి బయటికి నడిచింది.

రాత్రయింది. సిద్ధయ్య గుంటల నూలు పెట్టి, మగ్గానికి జర ఎడంగ గొంగడి పరుసుకున్నడు. పీడకలలు రాకుండ కిర్రుచెప్పులు తలకింద పెట్టుకున్నడు. అడుగున ఇనుప మొలలు కొట్టిన మోటు చెప్పులు అవి. కొంచెంసేపు ఏదో పాట కూనిరాగం తీసిండు. తన గొంతు తనకే బాగనిపియ్యక బంద్ జేసిండు. దీపంల ఆముదం అయిపోయి, ఎలుగు సన్నబడి... ఆరిపోయింది.

ఎంత నిద్రపోయిండో ఏమో. మెలకువొచ్చింది.

ఎందుకొచ్చిందో ముందు సమజ్ గాలే. చీకటి. ఇల్లంత గమ్మునున్నది. గంతల... కిర్రు...

తొక్కుడు కర్ర.

ఎలుక గావొచ్చు... ఎలుకే. ఎలుక గాకుంటే ఇంకేముంటది? అనుకుంటున్నడు సిద్ధయ్య.

కిర్రు... కిర్రు... ఎవరో గుంటల దిగుతున్నరు. దిగి, నిలవడ్డరు. తర్వాత ఇంకో సప్పుడు — బొట్టు... బొట్టు... బొట్టు... నీళ్లు. పొడి గుంటల నీళ్లెక్కడియి?

మెల్లగ మెడ తిప్పి చూసిండు. మగ్గం నడుమ, భూమిల నుంచి నడుముదాక లేశి, తెల్లగ... ఏదో ఉన్నది. తల వంచుకున్నది. ఊగుతున్నది.

ఉరుకుదామంటే వీధి తలుపు గా తెల్లగున్నదాని అవుతల ఉన్నది. గప్పుడు చిన్నప్పటి నుంచి ఇన్న మాట యాదికొచ్చింది. దయ్యం రెండిటికే జంకుతదట. ఒకటి చెప్పు, రెండోది బూతు. ఎంత పాడుమాటయితే అంత దూరం ఉరుకుతదట.

చెయ్యి తల కిందికి పోయింది. చెప్పు దొరికింది. ఒక్క ఉరుకు ఉరికిండు.

"నీ—!"

ఏం తిట్టిండో నా నోటికి రాదు. కల్లుకాంపౌండ్ల గూడ ఇనరాని మాటలు. ఆడదాన్ని అనరానియి, తల్లిని తలువరానియి, ఒక్కటి ఇడువకుండ అన్నడు. అనుకుంటనే కొట్టిండు. తలనో, ముఖమో, భుజమో, ఎక్కడ తాకితే అక్కడ ఫట్... ఫట్... తిరిగేసి, మొలలున్న దిక్కుతోని కొట్టిండు. అవుతల నుంచి అరుపు లేదు, కూత లేదు. మన్ను ముంత ఒకటి పడి పలిగింది.

గంతల సన్నగ, గుసగుసగ...

"కొట్టకు బిడ్డా... నేను... బాలవ్వను."

సిద్ధయ్య చెయ్యి లేశింది లేశినట్టే ఆగిపోయింది.

అగ్గిపుల్ల గీశిండు. గుంటల, నూలు మీద పలిగిన ముంత. నీళ్లల్ల తడిశిన తెల్లచీర. చేతులతోని ముఖం కప్పుకున్న ముసలామె. చేతి ఏళ్ల సందుల నుంచి నెత్తురు కారుతున్నది. పుల్ల వేలు కాలవెట్టి ఆరిపోయింది. మంచిదే అయింది, ఆరకుంటే వాడు ఎట్ల చూసేటోడు?

"పెద్దమ్మా... నువ్వేంది గీడ?"

చీకట్ల ఉత్త గొంతే.

"నూలు తడుపుదామని వచ్చిన. నూలు తడిశిందంటే నువ్వు కొనవు గదా."

"కొంటే నీకేంది?"

"గీ రెండేండ్ల సంది రాత్రిళ్లు దొడ్డి తలుపు కెల్లి వచ్చి నేసేది నేనే బిడ్డా. కండెలు చుట్టంగ మిగిలిన తునుకలు అతుకేసుకొని తువ్వాలలు నేస్త. దీపం బుడ్డి గుంటల పెట్టుకుంట, ఎలుగు బయట పడకుండ. మిరుదొడ్డి నుంచి గాజులమ్మెటామె వస్తది, ఆమె చేతుల పెడ్త. తెలిస్తే బతుకనిస్తరా నన్ను? ఆడది గుంటల దిగితే మగ్గానికి మైల అంటరు. కులంల నుంచి ఎల్లగొడ్తరు."

"లక్ష్మీరాజం బువ్వ పెడ్తలేడా?"

"పెడ్తడు. నేను గట్క తాగుతుంటే ఇంటిల్లిపాది నా నోటి దిక్కే చూస్తరు. నీ పిల్ల తడి ఇంట్ల పోయింది, నాకెరుకలేదా? నా చేతులతోని నీళ్లు పోసిన గా పిల్లకు. అయినా వచ్చిన. సిగ్గిడిశి వచ్చిన. తప్పు నాదే."

తప్పు నాదే అంటున్నది, దెబ్బలు తిన్నామె! సిద్ధయ్యకు భూమి పలిగితే అండ్ల వడి పోదుమనిపిచ్చింది. కాళ్లు మొక్కుదామని చీకట్ల వంగిండు. ఆమె గిరుక్కున ఎనకకు జరిగింది, చేతులు ముఖానికి అడ్డం పెట్టుకొని. మల్ల కొడ్తడేమో అనుకున్నది.

"ఎవ్వరికి చెప్పకు బిడ్డా," అన్నది. దొడ్డి తలుపు గొళ్లెం లేపిన సప్పుడయింది. పోయింది.

తెల్లారేదాక వాడు గట్లనే కూసున్నడు. దెబ్బలు యాదికొస్తే ఒళ్లు జలదరిస్తున్నది గని, మాటలు యాదికొస్తే... రెండు చెవులు మూసుకుంటుండె. తన నోట్ల నుంచే వచ్చినయా గవి? ఆమెకు గవన్ని ఇనవడ్డయ్ గదా. ఒక్కటి పోకుండ ఇనవడ్డయ్.

పొద్దుగాల గల్లీ గల్లీ వచ్చింది. రాజమల్లయ్య ముంగట, లక్ష్మీరాజం ఎనక, రాములవ్వ కడుపు పట్టుకొని అందరి కన్న ముందే గడప కాడ నిలవడ్డది. రాజమల్లయ్య గుంటల చెయ్యి పెట్టి నూలు తీసిండు. బొటబొట నీళ్లు కారినయ్.

"గిదేంది? ఊట గిట్ల రాదు. ఎవరో పోసిన్రు. సిద్ధయ్యా, ఏమైంది రాత్రి?"

సిద్ధయ్య తల ఎత్తిండు. ఆడోళ్ల ఎనక బాలవ్వ కనవడ్డది, ముఖం నిండ చెంగు కప్పుకొని. పక్కన ఎవరో అడుగుతున్నరు: "గదేందే, ముఖం గట్ల వాచింది?"

"చీకట్ల దర్వాజ తాకింది," అన్నది బాలవ్వ.

గా మాట ఇన్నంక సిద్ధయ్య నోట్ల నుంచి అబద్ధం దానంతట అదే ఊడిపడ్డది.

"దయ్యం వచ్చింది," అన్నడు. "తెల్లగున్నది. గుంటల దిగి... నీళ్లు పోసింది."

రాములవ్వ అమ్మో అన్నది.

"మరి నువ్వేం జేసినవ్ రా?"

ఏమన్న అనొచ్చు. ఉరికిన అనొచ్చు, మూర్ఛవోయిన అనొచ్చు. గని చేతుల ఇంక గా చెప్పే ఉన్నది. రాత్రి నుంచి ఇడువనే లేదు వాడు.

"కొట్టిన," అన్నడు. "చెప్పుతోని. తిట్టుకుంట కొట్టిన."

ఇగ చూస్కోండ్రి! శబాష్ సిద్ధయ్యా అని ఒకడు, మొగోడంటే వీడు అని ఇంకొకడు, వీపు మీద చరిచేటోడు, భుజాల మీద ఎత్తుకుంటనేటోడు. "పోశిగాడు రెండేండ్లు సతాయించిండు, వానికి చెప్పుదెబ్బలే కావాలె!" అని ఎవడో అరిచిండు. అందరు ఇగిలిచ్చి నవ్విన్రు. నవ్వుల నడుమ సిద్ధయ్యకు ఒక్కటే కనవడ్తున్నది — పోశయ్య పెండ్లాం, చెంగు నోట్ల కుక్కుకున్నది.

"అయితే పీడ పోయినట్టే గదా," అన్నడు లక్ష్మీరాజం, ముఖం ఎలిగిపోంగ. "గుంట తడి గాదు, దయ్యం పోసిన నీళ్లు. దాన్ని కొట్టి ఎల్లగొట్టినవ్. ఇంక మాట ఖాయం జేస్కో!"

రాములవ్వ మొగని దిక్కు చూసింది. ఎంత ఆశగ చూసిందో... ఒక్క మాట. ఊ అంటే సాలు, ఈ వానకాలం పొడి ఇంట్ల పిల్ల పుడ్తది.

"పోలే," అన్నడు సిద్ధయ్య. "గిది నా గుంట, ఎవ్వనికియ్య అన్నది. మల్ల వస్త అన్నది. నేను కొన."

పుణ్యాత్ముడై అన్నడనుకునేరు, గాదు. గా ఇంట్ల కూసొని, గా గుంటల కాళ్లు పెట్టి, రోజు గా రాత్రిని తొక్కుకుంట నేసే ధైర్యం లేక అన్నడు. రాములవ్వ గడప మీదనే కూలవడ్డది. లక్ష్మీరాజం శాపం పెట్టి, మన్ను దీసి పోసి ఎల్లిపోయిండు. పోశయ్య ఇంటి దిక్కు ఇంక కొనేటోడెవడు రాడు.

గని సిద్ధయ్య పేరు మాత్రం అవుతల ధూళిమిట్ట ఊరి దాక పాకింది. దయ్యాన్ని కొట్టినోడు! జడుసుకున్న పిల్లలను ఎత్తుకొని తల్లులు వాని గడప కాడికి రావట్టిన్రు. "అన్నా, గా చెప్పుతోని జర దిగదుడువు." వద్దంటే ఇంటున్నరా? రాములవ్వే చెప్పు తెచ్చిచ్చేది. మాట్లాడకపోయేది మొగనితోని, చెప్పు మాత్రం తెచ్చిచ్చేది. పిల్లల తల చుట్టు తిప్పి, భూమి మీద కొట్టి, తూ అని ఉమిశేటోడు. ఒక్కొక్కరు దండం పెట్టిపోతుంటే వాడు గోడ దిక్కు తిరిగి కూసునేటోడు.

మిరుగు వచ్చింది. సిద్ధయ్య అర్రల గుంట నిండింది. నిండు మనిషి రాములవ్వ చెంబు పట్టుకొని తోడుతున్నది, వాడు కుండల ఎత్తి బయట పోస్తున్నడు. దీపాలు పెట్టే ఏళ. గప్పుడు గల్లీల ఆడోళ్లు గుంపుగ వచ్చిన్రు, నడుమ ఒకామెను రెక్కలు పట్టుకొని నడిపించుకుంట. గడప మీద కూసోవెట్టిన్రు.

బాలవ్వ. ఒళ్లు కాలిపోతున్నది. ముఖం మీది పుండ్లు చీము పట్టినయ్.

"జరం తగ్గుతలేదు సిద్ధయ్యా. నిద్రల కొట్టకు, కొట్టకు అని ఒక్కటే పలువరింత. మొగడే పట్టిండు దీన్ని. నువ్వు గాడ కొడితే వచ్చి పెండ్లాం మీద పడ్డడు. నువ్వే తియ్యాలె."

"నాతోని గాదు," అన్నడు సిద్ధయ్య.

"గట్లంటె ఎట్ల? గా చెప్పుకే పోతది."

రాములవ్వ చెంబు కింద పెట్టింది. చూరుల చెక్కిన చెప్పు తీసి మొగని చేతుల పెట్టింది.

"తియ్ బిడ్డా," అని బాలవ్వ గొణిగింది, వానికొక్కనికే ఇనవడేటట్టు. "తియ్యకుంటే అనుమానవడ్తరు."

తల వంచింది. సిద్ధయ్య చెప్పు లేపిండు. ఆమె భుజాలు ఒక్కసారి ముడుచుకున్నయ్, తర్వాత గడప గట్టిగ పట్టుకొని కూసున్నది. వాడు తిప్పిండు.

"ఊకె తిప్పితే పోతదా?" అన్నది ఒక ముసలామె. "గా రాత్రి తిట్టినవ్ గదా. గవే తిట్టు. గవి ఇంటేనే పోతది వాడు."

"అవ్ సిద్ధయ్యా, తిట్టు. గట్టిగ తిట్టు!"

సిద్ధయ్య చుట్టు చూసిండు. అందరు కండ్లు పెద్దగ జేసి ఎదురుచూస్తున్నరు. బాలవ్వ కండ్లు మూసుకున్నది. మెల్లగ తల ఊపింది, కానియ్ అన్నట్టు.

తిట్టిండు. ఒక్కొక్క మాట, గా రాత్రి ఎట్లన్నడో గట్లనే. కండ్ల నుంచి నీళ్లు కారుతుంటే తిట్టిండు. చూశిన్రా, దయ్యంతోని కొట్లాడుతున్నడు, పానం పెట్టి కొట్లాడుతున్నడు అని ఆడోళ్లు చేతులు జోడిచ్చిన్రు.

మాటలు అయిపోయినయ్. బాలవ్వ కండ్లు తెరిచింది.

"పోయింది," అన్నది, అందరికి ఇనవడేటట్టు. "ఇడిశిపోయింది. సల్లగుండు బిడ్డా."

లేశి నిలవడంగ చెంగు జారింది. దీపం ఎలుగు చెంప మీద పడ్డది. పుండ్లు వరుసగున్నయ్, చెప్పుకు మొలలు కొట్టిన వరుస తీరుగనే. ఆడోళ్లకు గది కానరాలే, ఆమెను పట్టుకొని వానల నడిపించుకపోతున్నరు.

రాములవ్వకు కనవడ్డది.

మొగని చేతుల నుంచి చెప్పు తీసుకున్నది. తిరిగేసి, అడుగున మొలల వరుస చూసింది. గల్లీల దూరమైతున్న తెల్లచీర దిక్కు చూసింది. ఏదన్న అడుగుతదేమో అని సిద్ధయ్య నిలవడ్డడు. అడిగితే చెప్పుదుమనుకున్నడు. ఆమె చెప్పు చూరుల పెట్టలే, కింద పడెయ్యలే, మల్ల వాని చేతులనే పెట్టింది. పెట్టి, గుంట కాడ కూసొని, చెంబుతోని నీళ్లు తోడవట్టింది.